తాళు అంటే ఆగమని

నా దగ్గర పిలాటీస్ వ్యాయామం నేర్చుకుని ఇప్పుడు సొంతంగా క్లాసులు చెబుతున్న వాళ్లకు ఒక పాఠం గుర్తుండే ఉంటుంది. పార్కిన్సన్స్ జబ్బు ఉన్న మనిషి నడుస్తూ నడుస్తూ నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోతాడు. దానికి ఒక్క క్షణం ముందు అతని కాలి బొటనవేలు నేలను కరుస్తుంది. మోకాలు చూడకండి, ముఖం చూడకండి, బొటనవేలు చూడండి అని చెప్పేవాణ్ని. అది కనబడగానే ఆగమనండి. నిలవనివ్వండి. ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారనివ్వండి. ఆ తరువాతే అడుగు. మస్కట్‌లో మీరు దాన్ని ‘రాజేశం సార్ బొటనవేలు’ అంటారని నాకు తెలుసు. విని ఊరుకున్నాను.

అది నాది కాదు. ఓబులమ్మ అనే ఆవిడది. ఒక ఒమనీ ఇంట్లో పనిచేసేది, కడప జిల్లా మనిషి. ఆ పాఠం ఆవిడ దగ్గర తీసుకున్నాను, ఆవిడ పేరు చెప్పలేదు. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. పదకొండేళ్ల కింద ఒక ముసలాయన నా చేతుల్లోంచి కింద పడ్డాడు. తప్పు ఓబులమ్మదని అందరూ అనుకుంటుంటే అనుకోనిచ్చాను. అబద్ధం ఆడలేదు. మూడు నిజాలు చెప్పి నాలుగోది మింగేశాను.

పోయిన ఏడాది భుజం అరిగి క్లాసులు మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం నా అనుభవాలు రాయమని చాలామంది అడిగారు. రాస్తే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

సహంలో నేర్చుకున్న కేక

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఒమన్‌కు వచ్చింది పిలాటీస్ చెప్పడానికి కాదు, సహం అనే ఊళ్లో బిల్డింగు పనికి. కప్పీకి తాళ్లు కట్టి ఇటుకలు, మాలు పైకి గుంజడం నా డ్యూటీ. మా గుంపంతా కరీంనగర్, నిజామాబాద్ దిక్కు వాళ్లే. పైన తాడు జారుతున్నట్టు ఎవరికి కనబడినా ఒకటే కేక వేసేవాళ్లం: “తాళ్లు!” ఆ కేక చెవిన పడితే చేతిలో ఏమున్నా వదిలేసి తల ఎత్తి తాళ్ల వైపు చూడాలి. చూడనివాడి తల పగులుతుంది. నాలుగేళ్లు ఆ కేక విన్నాను. చివరికి నేను అనుకోకుండానే నా మెడ లేచేది.

నడుము పట్టేసి సైట్ పని చేతకాకపోతే, తెలిసినవాళ్లు మస్కట్‌లో ఒక పిలాటీస్ స్టూడియోలో ఊడ్చే పనికి పెట్టించారు. దాన్ని నడిపేది రూత్ మేడమ్, దక్షిణాఫ్రికా ఆవిడ. నేను మెషీన్లు తుడిచేవాణ్ని, కప్పీలకు నూనె వేసేవాణ్ని, అరిగిన స్ప్రింగులు మార్చేవాణ్ని. ఒకరోజు ఒక స్ప్రింగు కొక్కెం విరగబోతోందని క్లాసుకు ముందే చెప్పాను. ఆవిడ దాన్ని వేలితో తడిమి చూసింది. “మెషీన్లు నీకు నాకంటే బాగా తెలుసు. ఇక మనుషుల్ని నేర్చుకో” అంది. రెండేళ్లు పక్కన నిలబెట్టుకుని నేర్పింది. నాకు బతుకు ఇచ్చిన మనిషి ఆవిడ. ఆవిడ గురించి తరువాత ఇంకో మాట కూడా చెప్పాల్సి ఉంది.

మేము వాడే ముఖ్యమైన మెషీన్ పేరు రిఫార్మర్. మంచం లాంటి చట్రం, దాని లోపల పట్టాల మీద జారే పలక. ఆ పలకను కింద స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. తల వైపు రెండు కప్పీల మీంచి రెండు తాళ్లు వస్తాయి. స్ప్రింగులన్నీ తగిలిస్తే పలక కదలదు. ఒక్కటే ఉంటే వేలితో తోసినా జారుతుంది. రూత్ మేడమ్ మొదటి రోజు చెప్పిన పాఠం ఇది: “ఎక్సర్‌సైజ్ చేస్తూ ఎవరూ పడరు. ఎక్కేటప్పుడు పడతారు, దిగేటప్పుడు పడతారు. మనిషి దిగేదాకా క్లాసు అయిపోయినట్టు కాదు.” దిగే ముందు స్ప్రింగులన్నీ తగిలించాలి. దిగుతున్నప్పుడు నడుము మీంచి చెయ్యి తియ్యకూడదు. ఈ రెండూ మీకు వెయ్యిసార్లు చెప్పాను. ఎందుకు చెప్పేవాణ్నో మాత్రం చెప్పలేదు.

వల లాగిన చేతులు

నేను చెప్పిన ముసలాయన పేరు అబూ సాలిమ్, ఊరు సముద్రం ఒడ్డున ఖురియాత్. నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషి. పార్కిన్సన్స్ వచ్చింది, భార్య చనిపోయింది. మస్కట్‌లో ఇంజినీరుగా పనిచేసే కొడుకు సాలిమ్ వారానికి రెండుసార్లు నా దగ్గరికి తీసుకొచ్చేవాడు. వెంట ఓబులమ్మ ఉండేది. ముందు సాలిమ్ వాళ్లమ్మను చూసుకోవడానికి వచ్చి, ఆవిడ పోయాక ముసలాయనను చూసుకుంటూ తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంది. ఆయన్ని బాబా అని, కొడుకును సాలిమ్ బాబా అని పిలిచేది.

మొదటి రోజు స్టూడియో తలుపు దగ్గర నేల మీదున్న సన్నని ఇత్తడి పట్టీ దగ్గర ఆయన ఆగిపోయాడు. ఒళ్లు లోపలికి రావాలని చూస్తోంది, కాళ్లు రావడం లేదు. ముఖంలో కోపం లేదు, భయం లేదు, ఏమీ లేదు. ఆ జబ్బు ముఖంలో కదలికను కూడా తినేస్తుంది. గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టుంది.

పుస్తకంలో చదివిన ఉపాయం ఒకటి చేసి చూశాను. నేల మీద అడుగుకొకటి చొప్పున నల్ల టేపు అడ్డంగా అంటించాను. ఆయన కిందికి చూశాడు. కాలు లేచింది. టేపు దాటి పడింది. రెండో కాలు లేచింది. పడవలో తాళ్ల మీంచి దాటినట్టు, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. చదునైన నేల మీద కదలని కాలు అడ్డం పెడితే లేచింది! ఆ తరువాత వందసార్లు చూశాను ఆ వింతను. ఒక్కసారి కూడా మామూలుగా అనిపించలేదు. మనిషి లోపల నడకకు ఒకటే దారి ఉంటుందనుకునేవాణ్ని. ఒకటి పూడిపోతే ఇంకొకటి ఎక్కడో తెరుచుకుని ఉంటుందని ఆయన కాళ్లు చూపించాయి.

మూడో వారం పలక మీద కూర్చోబెట్టి తాళ్లు చేతికిచ్చాను. చేతులు వణుకుతున్నాయి. లాగమన్నాను. లాగడం మొదలుపెట్టగానే వణుకు ఆగిపోయింది. నాలుగోసారి లాగేసరికి ఆయన గొంతులోంచి ఒక పాట వచ్చింది, వల లాగేటప్పుడు పడవ వాళ్లు కలిసి పాడేది. గది అంతా నిండింది. పలక ముందుకీ వెనక్కీ ఆ పాటకు తగ్గట్టు జారుతోంది. సాలిమ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఓబులమ్మ మాత్రం కన్నీళ్లు దాచుకోలేదు.

“బాబా గొంతు వచ్చె సార్! రెండేండ్లాయ ఆ గొంతు ఇని!”

ఇది చదివి పిలాటీస్‌తో ఆ జబ్బు తగ్గుతుందని ఎవరికీ చెప్పకండి. తగ్గదు. అబూ సాలిమ్‌కు నెలనెలా పెరుగుతూనే వచ్చింది. మాత్ర వేసుకున్న గంటకు క్లాసు పెట్టుకుంటే ఒళ్లు మాట వింటుంది, మాత్ర బలం దిగిపోయాక అదే ఒళ్లు రాయి. మనం చేసేది ఉన్న రోజుల్ని కొంచెం మెరుగ్గా గడపనివ్వడం. తగ్గిస్తామని బోర్డు పెట్టేవాడు ఈ పని చూసైనా ఉండడు, లేదా చూసి కూడా అబద్ధం చెబుతున్నాడు.

ఓబులమ్మకూ నాకూ తెలుగు కలిసింది. కలిసిందనే అనుకున్నాం.

“మీది తెలుగేనా సార్? మా బాబా అరబ్బీ అన్నా అర్థమైతాది గాని” అనేది ఆవిడ.

“మీదేం తక్కువున్నదక్కా, సగం తమిళమే ఉంటది” అనేవాణ్ని నేను.

ఒకరోజు కారు దగ్గర, బాబాను సీట్లో కూర్చోబెట్టాక నన్ను ఆపింది. “సార్, ఒక మాట. బాబా కాలు నిలబడిపోయే ముందర బొటనేలు నేలను కరుస్తాది. మీరు మోకాళ్ల కల్లా చూస్తా ఉంటారు. కింద చూడండి.”

“సరే అక్కా, సరే.”

చూడలేదు. ఆవిడ ఇంటి పనిమనిషి, నేను పరీక్ష పాసైన ట్రైనర్ని. పైగా క్లాసులో వెంట వచ్చినవాళ్లు గోడ పక్క కుర్చీలో కూర్చోవాలి, మాట్లాడకూడదు అని రూలు పెట్టింది నేనే. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు రెండు గొంతులు ఒకేసారి వినబడితే అడుగు తడబడుతుంది, అది నిజమే. కానీ ఆ రూలుకు అదొక్కటే కారణం కాదు. క్లాసులో నాకంటే ఎక్కువ తెలిసిన గొంతు ఇంకొకటి ఉండటం నాకు నచ్చలేదు. అందుకే ఆవిడ ఇంట్లో ఆయనతో ఏ మాటలు వాడేదో నాకు తెలియకుండా పోయింది.

ఆ రోజు

తరువాతి క్లాసు మనిషి అప్పటికే వచ్చి బయట కూర్చున్నాడు. సాలిమ్ వాళ్లను దింపి పనికి వెళ్లిపోయాడు. నేను తొందరలో ఉన్నాను. అబూ సాలిమ్ పలక అంచున కూర్చుని ఉన్నాడు. కింద ఒక్క తేలిక స్ప్రింగే ఉంది. మిగిలినవి తగిలించలేదు. మరిచిపోలేదు కూడా, నేను పట్టుకునే ఉన్నాను కదా ఏం కాదులే అనుకున్నాను. మరిచిపోవడం కన్నా ఇది చెడ్డది.

ఆయన లేచాడు. నా కుడిచెయ్యి ఆయన నడుము మీద ఉంది. కుడికాలు ముందుకు పడింది. ఎడమకాలు రావాలి. నేను ఆయన మోకాలు చూస్తున్నాను. కుర్చీలోంచి ఓబులమ్మ కేక వేసింది. అన్ని నెలల్లోనూ క్లాసులో ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి.

“తాళు సార్! తాళు!”

నా చెవికి సహం సైట్ వినబడింది. మెడ లేచింది. కప్పీల మీద తాళ్ల వైపు తిరిగాను, జారుతున్న తాడు పట్టుకోవాలని చెయ్యి చాపాను. తాడు ఏమీ జారడం లేదు. చాపిన చెయ్యి ఆయన నడుము మీద ఉండాల్సిన చెయ్యి.

అబూ సాలిమ్ వెనక్కి ఒరిగాడు. పిక్కలు పలకకు తగిలాయి. కదలకుండా ఉండాల్సిన పలక సర్రున వెనక్కి జారింది. ఆయన పక్కకు పడ్డాడు. ఆ చప్పుడు చెప్పను. తుంటి ఎముక విరిగింది.

మూడు నిజాలు

ఆసుపత్రి వరండాలో ఓబులమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడుపు అయిపోయి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“తాళు తాళు అని మొత్తుకుంటి కద సార్. ఆగమంటే ఆగక, తాళ్ల కల్లా తిరిగితిరేంది?”

“ఏమంటున్నవక్కా? తాళు అంటే?”

“అయ్యో దేవుడా! తాళు అంటే ఆగమని సార్. తాళు, నిలబడు అని. మీ ఊర్లో అనరా?”

అనరు. మా వైపు ఆ మాట లేదు.  ఆవిడ ఇంకొకటి చెప్పింది. మొదట్లో ఆవిడ ‘తాళు’ అంటే ముసలాయన ‘తఆల్’ అని వినేవాడట. అరబ్బీలో దానికి రమ్మని అర్థం. ఆగమంటే ముందుకు వచ్చేవాడు. ఇల్లంతా నవ్వులు. తరువాత తరువాత ఆవిడ నోట ఆ మాటకు అర్థం ఏమిటో ఆయనకు తెలిసిపోయింది.

“బొటనేలు కరిచిండె సార్. తాళంటే బాబా ఆగినాడు. నేను చూస్తి. మీరే ఆగల్యా.”

తెలుగువాణ్నయిన నాకు తెలియని తెలుగు మాట ఖురియాత్ ముసలాయనకు తెలుసు. ఆయన నిలబడ్డాడు. నా చెయ్యి నడుము మీద ఉండి ఉంటే నిలబడే ఉండేవాడు.

సాయంత్రం రూత్ మేడమ్ ఏం జరిగిందని అడిగింది. “ఆమె కేక వేసింది. నేను తిరిగాను. ఆయన పడ్డారు” అన్నాను. మూడు మాటలూ నిజమే. ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. మళ్లీ అడిగింది. లేదన్నాను. వెంట వచ్చిన మనిషి అకస్మాత్తుగా అరవడం వల్ల ట్రైనర్ దృష్టి మళ్లింది అని కాగితం మీద రాసుకుంది. మెషీన్ కింద ఒక్క స్ప్రింగే తగిలించి ఉండటం ఆవిడ చూసిందని నా నమ్మకం. ఆ వారమే అన్ని మెషీన్ల మీదా స్ప్రింగుల గురించి ఎర్ర కాగితాలు అంటించింది. నన్ను ఏమీ అనలేదు. స్టూడియో పేరు కోసం ఊరుకుందో, నా కోసం ఊరుకుందో తెలియదు. మంచి బాసు కూడా మన తప్పును మన బదులు మోయకూడదు. మోస్తే మనం దాన్ని దించుకునే రోజు ఎప్పటికీ రాదు.

ఎనిమిదో రోజు ఓబులమ్మ స్టూడియోకు వచ్చింది. డ్రైవర్‌ను బతిమాలుకుని వచ్చిందట. “నన్ను ఊరికి పంపిస్తాండారు సార్. బాబాను పడేసిన మనిషి ఇంట్లో వద్దంటాండారు. సాలిమ్ బాబాకు నా అరబ్బీ చాలదు, ఏం చెప్పినా అరుస్తాండా అనుకుంటాడు. మీరు ఒక్క మాట చెప్పండి. నేను ఆగమంటినని. అంతే.”

“చెప్తా అక్కా.”

ఆవిడ వెళ్లాక సాలిమ్‌కు ఫోన్ చేశాను. ఎత్తగానే అతనే మాట్లాడాడు. అంబులెన్స్ వచ్చేదాకా మా నాన్న తల నీ ఒళ్లో పెట్టుకున్నావు, షుక్రన్ రాజేశ్, నీ మేలు మరిచిపోను అన్నాడు. నా గొంతులో మాట అక్కడే నిలబడిపోయింది. అబూ సాలిమ్ కాళ్లకు ఏమవుతుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. కానీ ఆయనది జబ్బు. నాది భయం. నిజం చెబితే వీసా పోతుంది, మళ్లీ సహం, మళ్లీ తాళ్లు. “మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదు” అని ఫోన్ పెట్టేశాను.

రెండు రోజులకు ఓబులమ్మ వెళ్లిపోయింది.

తన కాలితో తాను

ఎనిమిది నెలల తరువాత అబూ సాలిమ్ వాకర్ పట్టుకుని తిరిగి వచ్చాడు. నా దగ్గరికే కావాలన్నాడట.

తలుపు దగ్గర ఇత్తడి పట్టీ. ఈసారి నేను కిందికి చూశాను. ఎడమ బొటనవేలు వంగి చెప్పు అట్టను కరిచింది. ఓబులమ్మ చెప్పినట్టే. ఆ వెంటనే ఆయన పెదవులు కదిలాయి. దగ్గరికి వంగి విన్నాను.

“తాళు” అంటున్నాడు. నాతో కాదు. తన కాలితో.

అన్నాక ఆగాడు. కాలిని ఈడ్చుకోలేదు, దానితో పోట్లాడలేదు. నిటారుగా నిలిచాడు. బరువు కుడివైపుకు వెళ్లింది, మెల్లగా ఎడమవైపుకు వచ్చింది. అప్పుడు అడుగు వేశాడు. పట్టీ దాటాడు.  ఇన్నేళ్లలో నేను చూసిన గొప్ప విషయం ఏమిటని అడిగితే ఇదే చెబుతాను. కదలలేని మనిషి, ఆగమని తనకు తాను చెప్పుకుని కదిలాడు. ఆ ఉపాయం డాక్టరు చెప్పింది కాదు, నేను నేర్పింది కాదు. వంటింట్లో, వసారాలో, ఏళ్ల తరబడి ఒక మనిషి పాదాలను కనిపెట్టి చూసిన ఆవిడ ఇచ్చి వెళ్లింది. తరువాత పెద్ద పుస్తకాల్లో అదే వరసలో చదివాను: ఆగు, నిటారుగా నిలువు, బరువు మార్చు, అడుగు వెయ్యి.

అప్పటినుంచి దాన్నే మీకు నేర్పాను. మీరు నా పేరు పెట్టారు.

ఆయన వచ్చిన ప్రతిసారీ ఆ మాట అనేవాడు. ఏడాదిన్నర విన్నాను. తరువాత మస్కట్ దాకా రాలేకపోయాడు.

బర్కా నుంచి ఒక కబురు

నా క్లాసుకు వచ్చే బషీర్ మలయాళీ, బర్కాలో కిరాణా షాపు నడుపుతాడు. ఇతనిది వేరే నరాల జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్. వేడి తగిలితే ఒళ్లు సడలిపోతుంది. చల్లటి గదిలో నా ముందు కాలు తల ఎత్తుకు లేపిన మనిషి, ఎండలో కారు దాకా నడిచేసరికి తాళం చెవి తిప్పలేకపోయేవాడు. ఇలాంటివాళ్లకు క్లాసు ఎండ ఎక్కకముందే పెట్టండి. అయ్యాక నీడలో కూర్చోబెట్టి పంపండి. బద్ధకం అని మాత్రం అనకండి. ఒకసారి నేను అన్నాను. అతను నవ్వి, “భాయ్, నా ఒంట్లో ఒక రోజు ఉండి చూడు” అన్నాడు.

నేను పని మానేసే ముందు చివరి క్లాసులో అతనే అన్నాడు: “నువ్వు చెప్పే బొటనవేలు సంగతి మా షాపుకు వచ్చే ఒక తెలుగు చేచీ, అంటే అక్క, కూడా చెబుతుంది. ఆమె చూసుకునే ముసలావిడకు ఆ వణుకు జబ్బే. నీ దగ్గరే నేర్చుకుందా?”

“లేదు బషీర్. నేనే ఆమె దగ్గర నేర్చుకున్న” అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదలు.

ఎన్నాళ్లు తాళమన్నాను

బషీర్ చెప్పిన గుర్తులు పట్టుకుని వెళ్లాను. బర్కాలో ఆ ఇల్లు ఖర్జూరం తోట మధ్యలో ఉంది. చెట్ల వరసల మధ్య ఓబులమ్మ ఒక ముసలావిడను నడిపిస్తోంది. కొంచెం ఒళ్లు చేసింది, అంతే తేడా. నేను వెనక ఉన్నాను. ముసలావిడ ఆగింది. “తాళు మామా, తాళు” అన్న మాట నాకు వినబడింది, ఇక్కడ ఇంటి పెద్దావిడను మామా అనే పిలుస్తారు. ముసలావిడ నిలిచి, ఒరిగి, అడుగు వేసింది.

ఓబులమ్మ తిరిగి చూసింది. “ఎవరూ? రాజేశం సారా! తలంతా నెరిసిపాయనే!”

చెప్పాల్సింది చెప్పాను. స్ప్రింగుల సంగతి, చెయ్యి తీసిన సంగతి, సాలిమ్‌కు ఫోన్ చేసి చెప్పకుండా పెట్టేసిన సంగతి. ఓబులమ్మ వింటూనే ముసలావిడను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మూతి తుడిచింది.

“నాకు తెల్సు సార్.”

“ఏం తెల్సక్కా?”

“మీరు చెప్పల్యాదని. చెప్పింటే సాలిమ్ బాబా నన్ను పంపేటోడు కాదు. విమానం ఎక్కేదాకా ఫోను వస్తాదేమో అని డ్రైవర్ కల్లా చూస్తానే ఉంటి.” నీళ్ల సీసాకు మూత పెడుతూ మళ్లీ అంది. “ఊర్లో ఏమనిరో తెల్సా? అరబ్బు ముసలోన్ని పడేసి వచ్చిందనిరి. రెండేండ్లు ఏ ఏజెంటూ నా పేరు రాసుకోల్యా. నా కూతురే అడిగె, నిజమేనామ్మా అని. నా కడుపున పుట్టిందే అడిగె.”



“నేను తాళమన్నింది ఒక్క నిమిషం సార్” అంది. “మీరు పదకొండేండ్లు తాళితిరే!”

“మాఫ్ చెయ్యి అక్కా.”

“ఈడ చెట్ల కింద నాకు చెప్తే ఏమొస్తాది? తప్పు నాదన్నింది ఆ ఇంట్లో. పొయ్యి ఆ ఇంట్లో చెప్పండి.” రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. “బాబా ఉండాడా?”

“ఉన్నడు. లేవడం కష్టమే.”

“మింగుతాడా? నీళ్లకు పొలమారుతాదా?”

నాకు తెలియదు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, నేను ఎన్నడూ అడగలేదు.

ఖురియాత్‌లో

ఓబులమ్మ తను పనిచేసే ఇంటివాళ్లను అడిగి శుక్రవారం సెలవు తీసుకుంది. నేనే కారు నడిపాను. ఓబులమ్మతో వస్తున్నానని మాత్రమే సాలిమ్‌కు ఫోన్‌లో చెప్పాను.

గడ్డం తెల్లబడిన సాలిమ్ గుమ్మం దగ్గర నిలబడి, ఆవిడను చూసి కళ్లు దించుకున్నాడు. లోపల కిటికీ పక్కన మంచం మీద అబూ సాలిమ్ కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ముఖంలో ఏమీ లేదు, ఎప్పటిలాగే. కానీ కళ్లు ఓబులమ్మ మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయాయి. ఒళ్లో వణుకుతున్న చెయ్యి నిలిచిపోయింది.

నాకు వచ్చిన అరబ్బీలో సాలిమ్‌కు చెప్పాను. ఆ రోజు స్ప్రింగులు పెట్టనిది నేను. చెయ్యి తీసింది నేను. ఆమె అరిచింది ఆగమని.

“ఆగమందా? ఏ భాషలో?”

“తెలుగులో.”

“మా నాన్నకు అర్థమైందా?”

“అయింది. ఆయన ఆగారు.”

“నీకు అర్థం కాలేదు.”

“కాలేదు. అదే రోజు ఆసుపత్రిలో తెలిసింది. తెలిసీ నీకు చెప్పలేదు.”

సాలిమ్ వెళ్లి తండ్రి మంచం పక్కన నిలబడ్డాడు. కొట్టి ఉంటే బాగుండేది. తరువాత ఓబులమ్మ వైపు తిరిగి, నెమ్మదిగా, ఆవిడకు అర్థమయ్యే చిన్న చిన్న మాటల్లో ఏదో అన్నాడు. అది వాళ్లిద్దరి మాట, రాయను.

ఇంతలో ముసలాయన లేవబోయాడు. ఆవిడ వైపు రావాలని. సాలిమ్ ఒక వైపు పట్టుకున్నాడు. రెండో వైపు నేను వెళ్లి నడుము మీద చెయ్యి వేశాను. ఎముకలు తగిలాయి. ఒక అడుగు పడింది. రెండో కాలు రావాలి. కిందికి చూశాను. బొటనవేలు తివాచీని కరిచింది.

“తాళు బాబా” అంది ఓబులమ్మ.

ఆయన ఆగాడు. సాలిమ్ ఆగాడు. నేనూ ఆగాను.

ఆవిడ నా ముఖం చూడలేదు. చూపంతా ఆ పాదం మీదే ఉంది. “ఇప్పుడు చెప్పండి సార్” అంది. “తెలుగులో.”

చెయ్యి తియ్యకుండానే చెప్పాను.

“ఓబులక్కా, నువ్వు ఆగుమన్నవ్. నేను ఆగలే. నీ పేరు వోతుంటే చూస్కుంట నోరు మూస్కున్న. నువ్వు నేర్పిన విద్య నాదని చెప్పుకున్న. తప్పు నాది. మాఫ్ చెయ్యి.”